కడియపులంకలో పెపరోమియాకి తోడు మొక్కల వేట

సంక్రాంతి నెల పట్టాక ఆదివారం పూట కడియపులంకలో మొక్క కొనాలంటే ముందు ఫొటోలు దిగేవాళ్ళని దాటుకుని లోపలికి వెళ్ళాలి. హైవే పక్కన బంతి, చామంతి, డాలియా వరసలు, వాటి మధ్యలో పెళ్ళికి ముందు షూటింగులు, ఎక్కడపడితే అక్కడ ఆపిన కార్లు. రాజమండ్రిలో గౌతమి ఎక్స్‌ప్రెస్ దిగి రావులపాలెం బస్సెక్కితే మామూలుగా దగ్గరే. ఆ రోజు వేమగిరి దాటాక బస్సు నడిచినదానికన్నా నిలబడిందే ఎక్కువ. కడియం స్టేషన్లో రైలు దిగితే సులువని ఎవరైనా చెబితే నమ్మకండి. నర్సరీలు అక్కణ్ణుంచి ఇంకా దూరం, ఆటోవాడు మీ చేతిలో సంచి చూసి రేటు చెబుతాడు.

నాకు కావలసినవి పూలమొక్కలు కావు. హైదరాబాద్‌లో మా తూర్పు కిటికీ దగ్గర పెపరోమియాలున్నాయి, మందపాటి ఆకుల చిన్న ఇండోర్ మొక్కలు. వాటి పక్కన కలిసి బతికేవి కావాలి. అవి రోడ్డు మీద దొరకవు. వెనక సందుల్లో, ఆకుపచ్చ షేడ్ నెట్ కింద బల్లల మీద ఉంటాయి. ధర కూడా అక్కడే దిగుతుంది. హైవే మీద రూ.180 చెప్పిన బేబీ రబ్బర్ (ఒబ్ట్యుసిఫోలియా అనే రకం పెపరోమియాని అక్కడంతా అలాగే అంటారు) లోపలి సందులో రూ.90కే ఇచ్చారు. అదే నాలుగంగుళాల కుండీ మా ఇంటి దగ్గర రూ.250కి తక్కువ రాదు.

ఒళ్ళు మండింది మాత్రం ఒక పింగాణీ గిన్నెని చూసి. ఎనిమిదంగుళాల వెడల్పు, అడుగున చిల్లు లేదు. అందులో ఒక పెపరోమియా, ఒక ఫిట్టోనియా, ఒక బోస్టన్ ఫెర్న్, మధ్యలో ఒక జేడ్ మొక్క, పైన తెల్లరాళ్ళు. ధర రూ.950. చూడ్డానికి ముచ్చటగా ఉన్న మాట నిజం. కొన్నవాళ్ళింట్లో నెలలు తిరిగేసరికి అందులో ఒకటో రెండో మిగులుతాయి, ఏవి మిగులుతాయన్నది నీళ్ళు పోసే చెయ్యిని బట్టి ఉంటుంది.

ఆ గిన్నె వెనక బల్లలకి పైపుతో నీళ్ళు పడుతున్న పెద్దావిడ ఫెర్న్‌లన్నీ తడిపి, పెపరోమియాల బల్ల దాటేసి, అగ్లోనిమాల దగ్గరికి వెళ్ళిపోయింది.

"మామ్మగారూ, ఆ బల్ల వదిలేశారేం?"

"ఆటికి ఎల్లుండి చూద్దారండి. ఓ కుండీ ఎత్తి చూడండి, ఇంకా బరువుగానే ఉంది. ఈటికి రోజూ పోత్తే చచ్చిపోద్దండి, ఆ ఫెర్న్‌కి ఓ పూట పొయ్యకపోతే చచ్చిపోద్దండి. ఆయ్."

"మరి రెండిట్నీ కలిపి ఆ గిన్నెలో పెట్టారు కదా?"

"అది అమ్మడానికండి," అని పైపు లాక్కుంటూ వెళ్ళిపోయింది.

పెపరోమియాకి తోడు వెతికేటప్పుడు చూడాల్సింది ఆకుల జోడింపు కాదు, కుండీ ఎన్నాళ్ళకి ఆరుతుందన్న లెక్క. మధ్య, దక్షిణ అమెరికా అడవుల్లో ఈ జాతిలో చాలా రకాలు చెట్ల బెరడు మీద, నాచులో, రాళ్ళ సందుల్లో బతుకుతాయి. వాన పడుతుంది, నీరు జారిపోతుంది, వేళ్ళకి మళ్ళీ గాలి తగులుతుంది. అందుకే వేళ్ళు సన్నంగా, పొట్టిగా ఉంటాయి, నీళ్ళు ఆకుల్లో దాచుకుంటుంది. ఫిట్టోనియా నేల మీద తడిలో పెరిగేది, మట్టి కాస్త ఆరినా బట్టలా వాలిపోతుంది. అది వాలిందని గిన్నెలో నీళ్ళు పోస్తాం. అడుగున చిల్లు లేదు కాబట్టి ఆ నీళ్ళు పెపరోమియా వేళ్ళ దగ్గరే నిలుస్తాయి. మొదట కింది ఆకులు పసుపురంగుకి తిరుగుతాయి, ఆకు అడుగున బిరడాలాంటి గరుకు బుడిపెలు లేస్తాయి, తరవాత కాండం మొదలు నల్లబడి మెత్తబడుతుంది. చివరికి అదీ వాలుతుంది. మట్టి తడిగా ఉండగానే పెపరోమియా వాలితే అది దాహం కాదు, వేరుకుళ్ళు. అప్పుడు ఇంకో గ్లాసు నీళ్ళు పోసేవాళ్ళే ఎక్కువ. ఇక జేడ్‌కి కావలసింది ఎండ. గిన్నె పెట్టే గదిలో అది సన్నగా సాగి పక్కకి ఒరుగుతుంది.

ఒకే కుండీలో పెపరోమియాకి అన్నిటికన్నా నమ్మకమైన తోడు ఇంకో పెపరోమియానే. వెనక సందు బల్లల మీద అరడజను రకాలున్నాయి. ఆరంగుళాల వెడల్పు, నాలుగంగుళాల లోతున్న మట్టికుండీ తీసుకుని, నిటారుగా పెరిగే ఒబ్ట్యుసిఫోలియాని ఒకటి వెనకవైపు, కిందికి వేలాడే 'హోప్' చిన్నవి రెండు అంచున పెడితే చాలు, ఇంకేం ఇరికించక్కర్లేదు. కుండీ పెద్దదైతే వేళ్ళు అందని మట్టి తడిగా ఉండిపోతుంది, కుళ్ళు అక్కణ్ణుంచే మొదలవుతుంది. అయితే పెపరోమియాలన్నీ ఒక దారిన నడిచేవి కావు. ముడతల ఆకుల కేపరాటా, చారల వాటర్‌మెలన్ కొంచెం ఎక్కువ తడి అడుగుతాయి, ఆ రెండిట్నీ జత చెయ్యొచ్చు. చిక్కుడుకాయల్లాంటి ఆకుల ఫెరేరే, అడుగున ఎర్రగా ఉండే గ్రేవియోలెన్స్ దాదాపు సక్యులెంట్లే, అంటే ఒంట్లో నీళ్ళు దాచుకుని పొడిలో బతికేవి. వాటిని హవోర్తియాలాంటి సక్యులెంట్ పక్కన పెట్టాలి, వాటర్‌మెలన్ పక్కన కాదు.

పెపరోమియా కాక మిగతావాటిలో హోయా, డిస్కిడియా, రిప్సాలిస్ ఒకే కుండీలో సర్దుకుంటాయి. ఇవన్నీ కూడా చెట్లని పట్టుకుని బతికేవే, మధ్యమధ్య ఆరడం వీటికీ అలవాటే. హోయా పూయాలంటే వెలుగు ఇంకాస్త కావాలి, కాబట్టి కుండీని కిటికీవైపు హోయా ఉండేలా తిప్పి పెట్టాలి. హృదయం ఆకారపు ఒంటి ఆకుని చిన్న కుండీలో గుచ్చి రూ.150కి అమ్ముతున్నారు, అదీ హోయానే. ఆకుతో పాటు కాండం కణుపు లేకపోతే అది ఏళ్ళ తరబడి ఒంటి ఆకుగానే ఉంటుంది, తీగ సాగదు. మట్టి కొంచెం పక్కకి తీసి చూపించమంటే అమ్మకందారు నవ్వేశాడు గానీ చూపించలేదు.

స్పైడర్ ప్లాంట్, స్నేక్ ప్లాంట్, జీజీ మంచి మొక్కలే, పెపరోమియా కుండీలోకి మాత్రం రానివ్వకూడదు. మొదటిది దుంపల్లాంటి లావు వేళ్ళతో, మిగతా రెండూ భూమిలో పాకే కాండాలతో కుండీని ఆక్రమిస్తాయి. ప్లాస్టిక్ కుండీలైతే పక్కకి ఉబ్బిపోతాయి. మనీప్లాంట్, సింగోనియం తీగలు పైనుంచి కమ్మేసి వెలుగు ఆపేస్తాయి. ఇంట్లో పాకే పిల్లలో, ఆకులు కొరికే పిల్లో ఉంటే ఇంకో సంగతి: మనీప్లాంట్, సింగోనియం, అగ్లోనిమాల్లో కాల్షియం ఆక్సలేట్ సూదులుంటాయి, నమిలితే నోరు మండి వాస్తుంది. పెపరోమియా, హోయా, హవోర్తియా, స్పైడర్ ప్లాంట్‌లతో ఆ బెడద లేదు.

ఆ పింగాణీ గిన్నె అందం కావాలంటే అంత కష్టమేం కాదు. వెడల్పాటి వెదురుబుట్టలో మూడు, నాలుగు అంగుళాల ప్లాస్టిక్ కుండీలు విడివిడిగా సర్ది, పైన కొబ్బరిపీచు కప్పితే అంతా ఒకే తోటలా కనిపిస్తుంది. ఫెర్న్ కుండీని తీసి తడిపి, నీరు కారాక మళ్ళీ పెట్టాలి. పెపరోమియా కుండీని ఎత్తి, తేలికగా అనిపిస్తేనే తియ్యాలి. అలా అయితే ఫిట్టోనియా, ఫెర్న్ కూడా మంచి తోడే. పక్కన ఉంటే అవి వదిలే తేమ కొద్దిగా కలిసొస్తుంది. గోదావరి గాలిలో ఆ తేమ ఎవరికీ పట్టదు, నెట్ కింద నిలబడితే పదినిమిషాల్లో చొక్కా ఒంటికి అతుక్కుంటుంది. హైదరాబాద్‌లో మార్చి దాటితే వాటర్‌మెలన్ ఆకుల అంచులు గోధుమరంగుకి తిరుగుతాయి, అప్పుడు గుంపుగా పెట్టిన ఫలితం తెలుస్తుంది. మా బోరునీళ్ళు ఇంకో తలనొప్పి, మట్టి మీద తెల్లటి ఉప్పు పొర కడతాయి. వాన నీళ్ళు పట్టుకుంటే మేలు.

కడియపులంకలో ఇండోర్ మొక్కలు చాలావరకు కోకోపీట్‌లోనే (కొబ్బరిపీచు పొడి) వస్తాయి. రోజూ చూసుకునే చేతుల్లో అది బాగానే ఉంటుంది. ఇంట్లో మాత్రం అయితే తడిగా ఉండిపోతుంది, లేదంటే పూర్తిగా ఎండి అంచులు వదిలేసి, పోసిన నీళ్ళన్నీ పక్కనుంచి జారిపోతాయి. ఎండిపోతే కుండీని బకెట్ నీళ్ళలో ఇరవై నిమిషాలు ఉంచి తియ్యడమే దారి. మట్టి మార్చేటప్పుడు కడిగిన కోకోపీట్ రెండు పాళ్ళు, పెర్లైట్ (తేలికపాటి తెల్ల గుళికలు) ఒక పాలు, బెరడు ముక్కలో బొగ్గు ముక్కలో ఒక పాలు, వర్మీకంపోస్ట్ అరపాలు కలిపితే పైన చెప్పిన జతలన్నిటికీ సరిపోతుంది. పెర్లైట్ దొరక్కపోతే కాల్చిన ఊక వాడొచ్చు, గోదావరి జిల్లాల్లో దానికి కొదవా! వేలుతో చూస్తే పైనుంచి సగం లోతు ఆరాకే నీళ్ళు.

కొనేముందు ఆకు కాండానికి అతుక్కునే సందుల్ని చూడండి. తెల్లటి దూదిలా ఉంటే పిండినల్లి, అది పెపరోమియా నుంచి హోయాకి, హోయా నుంచి పెపరోమియాకి హాయిగా పాకుతుంది. ఒక బల్ల మీద హోయాలన్నిటికీ ఉంది, పక్క నర్సరీకి నడిచాను.

రైలు ప్రయాణానికి మొక్కలకి ముందురోజే నీళ్ళు ఆపించాలి. తడి కుండీ బరువు, పైగా అట్టపెట్టె నాని అడుగు ఊడుతుంది. ఒక్కో కుండీ నోటికి న్యూస్‌పేపర్ చుట్టి, మట్టి ఒలకకుండా టేప్ వేసి, నిలువుగా పెట్టెలో బిగించాలి. ఒబ్ట్యుసిఫోలియా కాండం కణుపుల దగ్గర పుటుక్కున విరుగుతుంది. విరిగినా పారెయ్యకండి, ఒక రోజు ఆరనిచ్చి తడి కోకోపీట్‌లో గుచ్చితే వేళ్ళొస్తాయి. కేపరాటా అయితే కాడతో సహా ఒక ఆకు చాలు. రెండు రంగుల ఒబ్ట్యుసిఫోలియాకి కాండం ముక్కే పెట్టాలి, ఒంటి ఆకు పెడితే పచ్చటి పిల్లలే పుడతాయి.

రాజమండ్రి ప్లాట్‌ఫారం మీద పెట్టె మోసినందుకు పోర్టర్ రూ.200 అడిగాడు, రెండు మొక్కల ధర. ఇంటికొచ్చాక వెంటనే కుండీ మార్చకూడదు, పాత మొక్కల పక్కన పెట్టనూకూడదు. రెండు వారాలు వేరే గదిలో, వెలుగు పడే చోట ఉంచి పిండినల్లి బయటపడుతుందేమో చూడాలి. కనిపిస్తే 70 శాతం ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడవాలి, వారం ఆగి మళ్ళీ తుడవాలి. ఆ తరవాతే కుండీ విప్పండి. కాండం మొదట్లో సన్నటి వలలాంటి ప్లాస్టిక్ గిన్నె కనిపిస్తే కత్తెరతో నిలువుగా కత్తిరించి తియ్యండి, మొక్క పెద్దదయ్యేకొద్దీ అది వేళ్ళని బిగించేస్తుంది.