నాన్న పద్యాలు, పది జీబీ డిస్కు

పోయిన నెల హన్మకొండ వెళ్లినప్పుడు అటక మీద నుంచి మా పాత సీపీయూ కిందికి దించాను. కొన్నప్పుడు పాలలా తెల్లగా ఉండేది, ఇప్పుడు పాత పుస్తకాల అట్టలా పసుపుపచ్చకి తిరిగింది. ఫ్లాపీ పెట్టే సందు పైన అక్క అతికించిన గులాబీ స్టిక్కర్ మాత్రం అలాగే ఉంది. దుమ్ము తుడుస్తూ తుడుస్తూ అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. అమ్మ వచ్చి అన్నం చల్లారిపోతోందని రెండుసార్లు పిలిచింది.

అది మా ఇంటికి వచ్చింది 2000 జూన్‌లో. నేను పదో తరగతిలోకి వచ్చాను, అక్క డిగ్రీ ఫైనలియర్. నాన్న ప్రభుత్వ స్కూల్లో తెలుగు పండిట్, జీపీఎఫ్‌లో, అంటే ప్రావిడెంట్ ఫండ్‌లో, లోన్ పెట్టి కొన్నాడు. అప్పట్లో కంప్యూటర్ కొనాలంటే కంపెనీది కొనేవాళ్లు తక్కువ, అందరూ అసెంబుల్ చేయించుకునేవాళ్లే, దానికి సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లాల్సిందే. మా వీధిలో అద్దెకుంటూ వరంగల్ ఇంజినీరింగ్ కాలేజీ ఆర్ఈసీలో చదువుకునే ఒక అన్న మాకు తోడొచ్చాడు. ఆ ట్రేడ్ సెంటర్‌లో మెట్లు ఎక్కుతూ దిగుతూ, ఒక షాపులో మదర్‌బోర్డు, ఇంకో షాపులో ర్యామ్, మరో షాపులో క్యాబినెట్, ప్రతిచోటా చిన్న కాగితం మీద కొటేషన్ రాయించుకుని, నాన్న జేబులో అలాంటివి ఆరేడు పోగయ్యాయి. చివరికి సెలెరాన్ 533 ప్రాసెసర్, 64 ఎంబీ ర్యామ్, 10 జీబీ హార్డ్ డిస్క్, 15 అంగుళాల మానిటర్, మొత్తం 38 వేలు అయింది. నాన్న జీతం తెలిసిన నాకు ఆ అంకె వింటేనే భయమేసింది.

సాయంత్రం రైలెక్కి కాజీపేటలో దిగాం. రెండున్నర గంటల ప్రయాణం, మానిటర్ డబ్బా సీటు కింద పట్టక దారిలోనే పెట్టాం, వచ్చేపోయేవాళ్లు దాటుకుంటూ వెళ్తున్నారు, నేను దాన్ని కాళ్లతో అదిమి పట్టుకుని కూర్చున్నాను. సీపీయూ మాత్రం నాన్న ఒళ్లోంచి దించలేదు. పైన బెర్త్ ఖాళీగా ఉంది, అక్కడ పెట్టండి సార్ అని ఎదుటాయన అన్నా వినలేదు.

మర్నాడు అమ్మ మానిటర్‌కి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. ముందు గది కంప్యూటర్ రూమ్ అయిపోయింది, చెప్పులు బయట విడిచి రావాలి, కాళ్లు కడుక్కుంటే ఇంకా మంచిది. అమ్మ పాత చీరతో మూడు కవర్లు కుట్టింది, మానిటర్‌కి ఒకటి, సీపీయూకి ఒకటి, కీబోర్డుకి ఒకటి. పని అయిపోగానే మూడూ తొడగాలి, ఎవరు చివర లేస్తే వాళ్ల బాధ్యత.

ఆటల గురించి అందరూ చాలానే రాశారు కాబట్టి నేను ఎక్కువ చెప్పను. డేంజరస్ డేవ్, ప్రిన్స్ ఆఫ్ పర్షియా, రోడ్ రాష్, ఈ మూడింటి పేరు చెబితే నా వయసువాళ్లకి వేళ్లు వాటంతటవే కదులుతాయి. నాకు వాటికన్నా బాగా గుర్తున్నది మౌస్ శుభ్రం చేయడం. అప్పటి మౌస్ కింద ఒక గుండ్రటి మూత ఉండేది, తిప్పితే ఊడొచ్చేది, లోపలి నుంచి బరువైన రబ్బరు బంతి అరచేతిలో పడేది. బంతి మీద కాదు మురికి ఉండేది, లోపల దానికి రాసుకుంటూ తిరిగే రెండు సన్నటి ప్లాస్టిక్ కడ్డీల మీద. వాటికి నల్లగా, పట్టీలాగా దుమ్ము చుట్టుకుపోయి ఉండేది. పిన్నీసు మొనతో ఒక చివర లేపితే మొత్తం రింగులా ఊడి వచ్చేది, ఆ ఊడొచ్చినప్పుడు కలిగే తృప్తి ఏమని చెప్పను. తర్వాత బంతిని సబ్బు నీళ్లతో కడిగి, ఆరబెట్టి, లోపల వేసి మూత తిప్పితే, అంతసేపూ మొరాయించిన బాణం గుర్తు నీళ్ల మీద జారినట్టు జారేది. ఆదివారం పొద్దున నా డ్యూటీ అదే.

ఎండాకాలం కరెంటు కోతలు. కరెంటు పోగానే యూపీఎస్ కీచుమని అరవడం మొదలుపెట్టేది, వంటింట్లో నుంచి అమ్మ "ఆపండ్రా, ఆపండి" అని అరిచేది, మేం సేవ్ కొట్టి షట్‌డౌన్ చేసేవాళ్లం. సరిగ్గా ఆపకపోతే మళ్లీ ఆన్ చేసినప్పుడు నీలం రంగు స్క్రీన్ మీద, డిస్కు బాగుందో లేదో చూసే స్కాన్‌డిస్క్ మొదలై, ఆ పసుపు గీత చివరిదాకా వెళ్లేవరకు అందరం గుండె చిక్కబట్టుకుని చూసేవాళ్లం. ఏప్రిల్ 26 వస్తే ఇంకో టెన్షన్. ఆ రోజు చెర్నోబిల్ వైరస్ లేస్తుంది, డిస్కు మొత్తం పోతుంది అని అందరూ చెప్పుకునేవాళ్లు, అది ఉత్త పుకారు కూడా కాదు, 1999లో నిజంగానే చాలా కంప్యూటర్లు పోయాయి. అందుకని 25 రాత్రే తేదీని 27కి మార్చి పెట్టుకునేవాళ్లం.

అసలు నేను చెప్పాలనుకున్నది నాన్న గురించి.

కంప్యూటర్ ఆన్ చేసి, విండోస్ 98 మేఘాల బొమ్మ వచ్చి, డెస్క్‌టాప్ కనిపించగానే మేమందరం ఏ ఆట ఉంది, పాటలు వస్తాయా అని చూస్తుంటే నాన్న వెనక నిలబడి ఒకటే అడిగాడు, "దీంట్ల తెలుగు వస్తదా?" అని. ఆర్ఈసీ అన్న "ఫాంట్ వేస్తే వస్తది సార్" అన్నాడు. నాన్నకి పద్యాలు రాసే అలవాటు ఉంది. ఎక్కువగా కంద పద్యాలు, స్కూలు నోట్‌బుక్కుల వెనక పేజీల్లో, పెళ్లి శుభలేఖల వెనక, బస్సు టికెట్ల మీద కూడా రాసేవాడు. వాటన్నిటినీ ఒకచోట చేర్చి అచ్చులో చూసుకోవాలని ఆయన కోరిక. జీపీఎఫ్ లోన్ మా చదువుల కోసం అని అందరికీ చెప్పాడు కానీ అందులో ఆ కోరిక కూడా ఉందని నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది.

హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక డీటీపీ సెంటర్ ఉండేది, శుభలేఖలు, కరపత్రాలు కొట్టేవాళ్లు. అప్పుడు డీటీపీ అంటే పేజీలు కూర్చడానికి పేజ్‌మేకర్, తెలుగుకి అను ఫాంట్లు, అంతే. నాన్న నెల రోజుల పాటు సాయంత్రం స్కూలు అవగానే అక్కడికి వెళ్లి, ఆ ఓనర్ పక్కన స్టూల్ వేసుకుని కూర్చుని కీబోర్డు నేర్చుకున్నాడు. నలభై ఆరేళ్ల మనిషి. ఇంగ్లీషు కీకి, దాని మీద వచ్చే తెలుగు అక్షరానికి ఏ సంబంధమూ ఉండదు, ఏ కీలో ఏముందో బట్టీ పట్టాల్సిందే. ఒక పోస్టుకార్డు వెనక గళ్లు గీసి, ఒక్కో గడిలో కీ, దాని కింద తెలుగు అక్షరం రాసుకుని మానిటర్ అంచుకి అతికించాడు. కొన్ని అరుదైన ఒత్తులకి ఆల్ట్ నొక్కి పట్టుకుని నంబర్లు కొట్టాలి, ఆ నంబర్లు ఎర్ర ఇంకుతో రాశాడు.

మొదటి పద్యం కొట్టడానికి గంట పైనే పట్టింది. నేను పక్కనే ఉన్నాను. "రాష్ట్రం" అనే మాట దగ్గర ఆగిపోయాడు. ష కొట్టాలి, తర్వాత దాని కింద ట ఒత్తు, ఆ తర్వాత ర ఒత్తు, ఒక్కోటీ ఒక్కో ముక్క, ఏది ముందు కొట్టాలో తప్పితే ఒత్తు వెళ్లి పక్క అక్షరం కింద కూర్చుంటుంది. మూడుసార్లు చెరిపి నాలుగోసారి సరిగ్గా పడ్డప్పుడు కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకుని చూశాడు. ఆ తర్వాత రోజుకో పద్యం. రాత్రి తొమ్మిదింటికి మేం చదువుకుంటుంటే ముందు గదిలో నుంచి టక్, టక్ మని ఆగి ఆగి కీల చప్పుడు వచ్చేది.

2001లో అక్క పెళ్లయింది, బావకి న్యూజెర్సీలో ఉద్యోగం, ఇద్దరూ వెళ్లిపోయారు. నాన్న అక్కకి మొదటి ఉత్తరం కంప్యూటర్‌లోనే తెలుగులో కొట్టి, వర్డ్ ఫైల్‌గా మెయిల్ చేయించాడు. రెండో రోజు అక్క ఫోన్ చేసి, "నాన్నా, ఏం రాశావో ఒక్క ముక్క కూడా అర్థం కాలేదు, అన్నీ గీతలు, చుక్కలు, డాలరు గుర్తులు వచ్చాయి" అంది. ఆ మాట విన్నప్పుడు నాన్న మొహం నాకింకా గుర్తుంది. జరిగింది ఏంటంటే, అప్పటి తెలుగు ఫాంట్లలో ఫైల్ లోపల తెలుగు ఉండదు. ఇంగ్లీషు అక్షరాలకీ గుర్తులకీ కేటాయించిన నంబర్ల మీద తెలుగు ముక్కల బొమ్మలు పెట్టేవాళ్లు. ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లో తెలుగు కనిపిస్తుంది, లేని కంప్యూటర్‌లో ఆ గుర్తులే కనిపిస్తాయి. పైగా ఒక్కో ఫాంట్‌ది ఒక్కో లెక్క. ఈనాడు నెట్‌లో చదవాలంటే ఈనాడు ఫాంట్ వేసుకోవాలి, ఇంకో పత్రికకి ఇంకోటి. అన్ని భాషల అక్షరాలకీ వేర్వేరు నంబర్లిచ్చే యూనికోడ్‌లో 1991లోనే తెలుగుకి చోటిచ్చారట, కానీ మా విండోస్ 98కి ఆ సంగతే తెలియదు.

దీనికి నేనే ఒక ఉపాయం కనిపెట్టాను. ఉత్తరాన్ని స్క్రీన్ మీద తెరిచి, ప్రింట్ స్క్రీన్ కొట్టి, పెయింట్‌లో అతికించి బొమ్మగా సేవ్ చేయడం. బొమ్మకి ఫాంట్ అక్కర్లేదు కదా. మా స్క్రీన్ 800 బై 600, ఆ బొమ్మ సుమారు 14 లక్షల 40 వేల బైట్లు అయ్యేది, ఫ్లాపీలో పట్టేది కూడా దాదాపు అంతే. అంటే ఒక ఫ్లాపీకి ఒక్క స్క్రీను, ఒక్క స్క్రీనులో నాన్న ఉత్తరం సగం. మా మోడెమ్ అప్పటికే ఒక వానాకాలం రాత్రి పిడుగు పడి ఫోన్ లైన్‌లో నుంచి వచ్చిన దెబ్బకి కాలిపోయింది. అందుకని రెండు ఫ్లాపీలు పట్టుకుని చౌరస్తాలో నెట్ సెంటర్‌కి సైకిల్ మీద వెళ్లేవాణ్ణి. అక్కడి అబ్బాయి వాటిని జేపీజీ చేసి, చిన్నవి చేసి పంపేవాడు. ఆ వారం అక్క ఫోన్ చేసి ఏడ్చింది. ఉత్తరం చదివి ఏడ్చిందా, నాన్న తెలుగు అక్కడ కనిపించినందుకు ఏడ్చిందా, నేను అడగలేదు.

2003లో ర్యామ్ పెంచి విండోస్ ఎక్స్‌పీ వేయించాం. కంట్రోల్ ప్యానెల్‌లో భాషల దగ్గర ఒక గడిలో టిక్ పెడితే అది సీడీ పెట్టమని అడిగింది, పెట్టాం, ఏవో ఫైళ్లు కాపీ చేసుకుని రీస్టార్ట్ అయింది. అంతే, గౌతమి అనే ఫాంట్‌లో తెలుగు వచ్చింది. నోట్‌ప్యాడ్‌లో వచ్చింది, మెయిల్‌లో వచ్చింది. నాన్నని పిలిచి డెస్క్‌టాప్ మీద కొత్త ఫోల్డర్ చేసి, "పేరు నువ్వే కొట్టు నాన్నా" అన్నాను. ఆయనకి ఈ కొత్త కీబోర్డు లేఅవుట్ రాదు, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. పసుపు ఫోల్డర్ బొమ్మ కింద చిన్న అక్షరాలతో "పద్యాలు" అని వచ్చింది. కంప్యూటర్ లోపల, దాని సొంత పేర్ల మధ్య, మన మాట. నాన్న చాలాసేపు దాన్ని తెరవలేదు, ఊరికే చూస్తూ కూర్చున్నాడు.

ఆ ఏడాదే నేను ఇంజినీరింగ్‌కి హైదరాబాద్ వచ్చేశాను. 2006లో లేఖిని వచ్చింది, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు అయిపోతుంది అని నాన్నకి ఫోన్‌లో చెప్పాను, ఆయన అప్పటికే ఎక్స్‌పీ తెలుగు కీబోర్డుకి అలవాటుపడి ఇంకో పోస్టుకార్డు అతికించుకున్నాడు. 2008లో మదర్‌బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బి కంప్యూటర్ చచ్చిపోయింది. బాగుచేయించడం కన్నా కొత్తది నయమన్నారు. పాతది అటకెక్కింది, దానితో పాటే అను ఫాంట్‌లో కొట్టిన పద్యాలన్నీ ఎక్కాయి.

మొన్న ఆ డిస్కు ఊడదీసి, అలాంటి పాత ఐడీఈ రకం డిస్కుని యూఎస్‌బీకి కలిపే కేబుల్ ఒకటి తెప్పించి పెట్టాను. అడాప్టర్ స్విచ్ వేయగానే రెండు క్షణాలు ఏం లేదు, తర్వాత గుర్రుమని తిరగడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు పక్క గదిలో ఉన్న నాన్నకి వినిపించి లేచి వచ్చాడు. డెబ్బై ఒక్కేళ్లు ఇప్పుడు, ఫోన్‌లో నోటితో చెబితే తెలుగు టైపవుతుంది ఆయనకి. ఆ పద్యాల ఫోల్డర్‌లో 137 ఫైళ్లున్నాయి.

పాత ఫాంట్ నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్‌తో మార్చాను. చాలావరకు బాగానే వచ్చింది కానీ అక్కడక్కడ సున్నాలు ఎగిరిపోయాయి, కొన్ని దీర్ఘాలు పోయాయి, ఒత్తులు చోట్లు మారాయి. అన్నీ ప్రింట్ తీసి నాన్నకిచ్చి వచ్చాను. స్కూల్లో మా కాపీలు దిద్దినట్టే ఎర్ర పెన్నుతో దిద్దుతున్నాడట, రోజుకు నాలుగైదు.

నిన్న రాత్రి ఫోన్ చేశాడు. 23వ పద్యం మూడో పాదంలో ఒక మాత్ర తగ్గుతోంది, సున్న ఎగిరిపోయిందా, లేక అప్పుడు తనే తప్పు రాశాడా తేలడం లేదు, ఆ నోట్‌బుక్కూ లేదు అన్నాడు. ఆ పద్యం అక్కకి రాసిన ఒక ఉత్తరంలో ఉంది, దాని బొమ్మ నీలం ఫ్లాపీలో ఉండాలి అని కూడా ఆయనే గుర్తుచేశాడు. ఆ ఫ్లాపీ దొరికింది. ఇప్పుడు పనిచేసే ఫ్లాపీ డ్రైవ్ కోసం వెతుకుతున్నాను, మీ ఇంట్లో ఎక్కడైనా ఉంటే చెప్పండి, ఒక్క రోజుకి ఇస్తే చాలు.