మట్టి వినాయకుడు, గురివింద కళ్లు

ఈసారి చవితికి బొమ్మ కొనేది లేదని మా అత్త ముందే చెప్పేసింది, ఇంక కావలిలో మా ఇంట్లో రెండ్రోజులు ఎక్కడ చూసినా మట్టే. చెరువు మట్టి తెచ్చి రాళ్లూ వేర్లూ ఏరి, రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే కొంచెం దూది కలిపి చపాతీ పిండిలాగా పిసికితే గానీ చెప్పినమాట వినలేదు. తొండం ఊరికే అతికిస్తే ఊడి పడతాదంట, అందుకని రెండు పక్కలా గీతలు గీకి పల్చటి మట్టి పూసి అంటించింది. మా చిన్నోడేమో తొందరగా ఆరతాదని ఎలకని ఎండలో పెట్టాడు, మధ్యాన్నానికి నడుం దగ్గర పగిలింది 😂 ఇట్టాంటివి నీడలోనే ఆరాలంట.

కళ్లకి గురివింద గింజలు. ఎర్ర గింజ మీద ఆ నల్ల చుక్క ఉంటది చూడండి, అచ్చం మనల్నే చూస్తున్నట్టు ఉండాడు సామి! కాకపోతే గురివింద విషం, నమిలితే చాలా డేంజర్, చిన్నపిల్లలున్న ఇంట్లో జాగ్రత్త, మేం పూజవ్వగానే పీకి దాచేశాం.

ప్లాస్టర్ బొమ్మల ఫినిషింగ్ రాలేదు నిజమే, నాకైతే ఆ వంకర చెవులే నచ్చినయ్. నిమజ్జనం బకెట్లోనే, కరిగిన మట్టంతా మల్లె కుండీలకి పోశాం.

పాలవెల్లికి మొక్కజొన్న పొత్తులు, జామకాయలు కట్టాం గానీ వెలక్కాయలే దొరకలా. బజార్లో పత్రి అని ఏదో గడ్డి కట్ట అంటగట్టారు, అందులో ఉత్తరేణి కూడా లేదు. కావలి చుట్టుపక్కల వెలగచెట్టు యాడన్నా ఉంటే చెప్పండబ్బా, వచ్చే ఏడు ముందే వచ్చి కోసుకుంటాం.