గుర్రానికి సెలవెప్పుడు?

“ఇప్పుడు మాకినాలో గుర్రాలకు సెలవులు కదా, మరి ఈ గుర్రానికి సెలవెప్పుడు?” అని మా అమ్మాయి అడిగింది. డిసెంబరు సెలవులకు విశాఖపట్నం వచ్చి, మా నాన్నగారితో కలిసి ఆర్కే బీచ్‌కు వెళ్లిన సాయంత్రం అది. పెళ్లి ఊరేగింపులకు తిప్పే గుర్రపు బండిని ప్లాస్టిక్ పూలతో అలంకరించి, పిల్లలను ఎక్కించుకుని ఒక చుట్టు తిప్పి తెస్తున్న ఆయనతో బేరం కుదిరాక, తీరా ఎక్కే సమయానికి తను కాలు వెనక్కి తీసుకుంది. తాతయ్య బతిమాలినా ఎక్కనంది. నేను గొంతు పెంచాను. అయినా ఎక్కలేదు.

ఆ బండి మీద నేను పెట్టుకున్న ఆశ చిన్నది కాదు. అంతకుముందు ఆగస్టులో మేము అమెరికాలోని మిషిగన్ రాష్ట్రపు ఉత్తర భాగాన ఉన్న మాకినా దీవికి వెళ్లి, సరస్సు మీద ఓడ ప్రయాణం, దీవిలో గుర్రపు బండి సవారీ ఒకే రోజున చేసి వచ్చాము. తను ఆ రోజు గురించి బడిలో వ్యాసం రాసింది, బొమ్మ వేసి గోడకు అంటించుకుంది. ఆ బొమ్మ చూసినప్పుడల్లా నాకు మా అమ్మమ్మగారి ఊరు గుర్తుకు వచ్చేది. యలమంచిలి స్టేషనులో రైలు దిగి జట్కా ఎక్కడం, ఆ సెలవుల్లోనే ఒక రోజు కొండకర్ల ఆవ అనే సరస్సులో తాటి దోనె మీద తిరగడం నా చిన్నతనంలో ప్రతి వేసవిలోనూ జరిగినవే. కాబట్టి ఉదయం ఆవలో దోనె, సాయంత్రం బీచ్‌లో బండి అని నేను ఒక రోజును కూర్చుకున్నాను. తను అక్కడ చూసి మురిసిపోయినవి మన వైపు కూడా ఉన్నాయని తన నోటితో అనిపించుకోవాలన్నదే నా పట్టుదల.

మాకినా సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా అమ్మాయి ప్రశ్న అక్కడే పుట్టింది. హ్యూరాన్ సరస్సులో ఉన్న ఆ చిన్న దీవిలో కార్లు ఉండవు. 1898లో అక్కడి ఊరి పాలకమండలి మోటారు వాహనాలను నిషేధించింది, 1901 నాటికి ఆ నిషేధం దీవిలోని పార్కు ప్రాంతానికి కూడా విస్తరించింది. అంబులెన్సు, అగ్నిమాపక శకటం వంటి వాటిని, చలికాలంలో మంచు మీద నడిపే బండ్లను మినహాయిస్తే ఇప్పటికీ సైకిళ్లు, గుర్రాలే దిక్కు. హోటలుకు కూరగాయలు వచ్చేదీ, ఇళ్లకు పార్సిళ్లు చేరేదీ గుర్రపు బండి మీదనే. వేసవిలో దీవి మీద 500 నుంచి 600 వరకు గుర్రాలు ఉంటాయి. ఏడాది పొడవునా అక్కడే కాపురం ఉండే మనుషుల సంఖ్య కూడా ఇంచుమించు అంతే. ఓడ దిగి వీధిలో అడుగు పెట్టగానే ఒకవైపు నుంచి ఫడ్జ్ అనే మిఠాయి పాకం వాసన, మరొకవైపు నుంచి గుర్రపు లద్దె వాసన కలిసి వస్తాయి. ఆ లద్దెను ఎప్పటికప్పుడు ఎత్తి తీసుకెళ్లి ఎరువుగా మారుస్తారు.

అక్కడికి వెళ్లాలనుకునేవారికి ఒక మాట. అవతలి ఒడ్డున ఉన్న ఊళ్లు మాకినా సిటీ నుంచి గానీ సెయింట్ ఇగ్నేస్ నుంచి గానీ బయలుదేరే ఓడల్లో కొన్ని నేరుగా దీవికి పోకుండా మాకినా వంతెన కింద నుంచి చుట్టి తీసుకెళతాయి. 1957 నవంబరు 1న ప్రారంభమైన ఆ వంతెన పొడవు సుమారు 8 కిలోమీటర్లు. మిషిగన్ సరస్సు, హ్యూరాన్ సరస్సు కలిసేది దాని కిందనే. వీలైతే అలాంటి ఓడ చూసుకుని ఉదయాన్నే ఎక్కాలి. ఆగస్టులో కూడా పై అంతస్తులో గాలి చలిగా కొడుతుంది కనుక పిల్లలకు స్వెటరు ఉండాలి. దీవిలో మొదట రెండు గుర్రాల బండి ఎక్కి ఊరు దాటాక, మూడు గుర్రాలు లాగే పెద్ద బండికి మారి అడవి దారిలోకి వెళతాము. ఆర్చ్ రాక్ అనే సహజ శిలాతోరణం దగ్గర బండి ఆగుతుంది. ఆ తోరణంలో నుంచి కిందికి చూస్తే నీరు నీలంగా, ఆకుపచ్చగా పొరలు పొరలుగా కనిపిస్తుంది. నాకు విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండ మీద నుంచి చూసిన సముద్రం జ్ఞాపకం వచ్చింది గానీ, ఆ పోలికను పిల్ల మీద రుద్దకుండా ఆ పూటకు ఊరుకున్నాను.

ఆ మూడు గుర్రాల బండి మీదనే తోలే అమ్మాయి వాటి పేర్లు, వయసులు చెబుతూ, చలికాలం రాగానే చాలా గుర్రాలను ఓడ ఎక్కించి అవతలి ఒడ్డుకు పంపేస్తారని, అక్కడి పొలాల్లో అవి వసంతం దాకా విశ్రాంతి తీసుకుంటాయని, సరుకులు లాగడానికి కొద్ది గుర్రాలు మాత్రమే దీవిలో మిగులుతాయని చెప్పింది. గుర్రాలు ఓడ ఎక్కుతాయన్న మాట మా అమ్మాయి మనసులో నాటుకుపోయింది. వంతెన పొడవు, దీవిలోని పాత కోట చరిత్ర, ఏవీ తనకు గుర్తు లేవు. అవి కూడా మనలాగే సెలవులకు నీళ్లు దాటి వెళతాయన్నది మాత్రం నిలిచిపోయింది.

నేను పెరిగినప్పటి జట్కాకు సెలవు లేదు, లేదా ఉన్నా నేను అడగలేదు. ఒకే గుర్రం, రెండు చక్రాలు, పైన వంపు తిరిగిన గూడు, కింద పరిచిన గడ్డి మీద గోనెపట్టా. రెండే చక్రాలు గనుక బరువు సరిగ్గా సర్దుకోకపోతే బండి నడవదు. వెనుక బరువు ఎక్కువైతే కాడి పైకి లేచి గుర్రాన్ని ఎత్తేస్తుంది, ముందు ఎక్కువైతే దాని వీపు మీద పడుతుంది. అందుకని జట్కా ఆయన ముందుగా మా అమ్మమ్మను చూసేవాడు, తరువాత పెట్టెలను చూసేవాడు, ఆపైన “పాపా, నువ్వు ముందుకు రా” అని నన్ను తన పక్కన కూర్చోబెట్టుకునేవాడు. జనం దారి ఇవ్వకపోతే చెర్నాకోల కర్రను తిరిగే చక్రపు ఆకుల మధ్య పెట్టేవాడు. అది టకటకమని మోగితే ముందు నడిచేవారు పక్కకు జరిగేవారు. ఆ చప్పుడు కోసం ఎప్పుడు జనం అడ్డం వస్తారా అని నేను ఎదురుచూసేదాన్ని. గుర్రం డొక్కలు ఎలా ఉన్నాయో, కళ్లకు గంతలు ఎందుకు కట్టారో ఆలోచించిన జ్ఞాపకం లేదు.

మా అమ్మాయి ముందుగా చూసింది డొక్కలనే. బీచ్‌లో బండి చుట్టూ ఒకసారి తిరిగి, నోటి దగ్గర కళ్లెం రాసుకున్న చోటును పరీక్షగా చూసి, అప్పుడు అడిగింది ఆ ప్రశ్న. తన తెలుగు నెమ్మదిగా ఉంటుంది గానీ స్పష్టంగానే ఉంటుంది. బండి ఆయన నవ్వి, “వానొస్తే సెలవే పాపా. దానికీ సెలవే, నాకూ సెలవే” అన్నాడు. ఆ జవాబుకు తను నా వైపు చూసింది. నేను ఆ చూపును అందుకోకుండా, “తాతగారు ముచ్చట పడుతున్నారు, పెద్దవాళ్లు చెప్పినప్పుడు మారాం చేయకూడదు” అని గట్టిగా అన్నాను. ఇదే నేను, డెట్రాయిట్ శివారులోని మా ఇంట్లో, మనసుకు సరి కాదనిపించిన పనిని ఎవరు చెప్పినా చేయనక్కర్లేదని తనకు ఎన్నోసార్లు చెప్పాను. తరగతిలో ధైర్యంగా ప్రశ్నలు వేస్తుందని టీచరు మెచ్చుకున్న రోజున ఆ మాటను మా నాన్నగారికి ఫోనులో గర్వంగా వినిపించాను. ఆ ధైర్యం మా నాన్నగారి ఎదుట, మా ఊరి బీచ్‌లో, నా ముచ్చటకు అడ్డుపడేసరికి నాకు మారాంగా కనిపించింది.

తను ఇంకొక మాట అంది. “ఎక్కకపోయినా ఆయనకు డబ్బులు ఇద్దాం” అని. బండి ఆయన ఒప్పుకోలేదు. “తిప్పకుండా డబ్బులెందుకమ్మా, ఊరికే తీసుకోను” అన్నాడు. ఆ మాటలో నొచ్చుకోవడం ఉంది. చివరకు మా నాన్నగారు, “దాని ఉలవలకని ఉంచవయ్యా, పిల్ల ఇస్తోంది” అంటే తీసుకున్నాడు. గుర్రం తినేది తనకు ఇష్టమైన ఉలవచారులోని ఉలవలేనని తెలిసి మా అమ్మాయి ఆశ్చర్యపోయి, ఎన్ని తింటుంది, నానబెట్టి పెడతారా, ఉడికించి పెడతారా అని ఆయనను వదలకుండా అడిగింది. ఆయన ఓపికగా అన్నిటికీ చెప్పాడు. బండి ఎక్కి తిరిగి ఉంటే ఆ మనిషితో, ఆ గుర్రంతో అంతసేపు గడిపేది కాదని ఇప్పుడు అనిపిస్తోంది. అప్పుడు మాత్రం నాకు ఫోటో రాలేదన్న బాధే ఉంది.

అదే రోజు ఉదయం కొండకర్ల ఆవ దగ్గర తను ఏ ప్రశ్నా లేకుండా దోనె ఎక్కింది. విశాఖ నుంచి 40, 50 కిలోమీటర్ల దూరంలో, అచ్యుతాపురం దగ్గర, కొండల నడుమ ఉన్న ఆ మంచినీటి సరస్సు మన రాష్ట్రంలో కొల్లేరు తరువాత పెద్దదిగా పేరుపొందింది. 2022లో జిల్లాలను విడదీసినప్పుడు అది అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. అక్కడి దోనెను తాటి మొద్దుల నడిమి గుజ్జును తొలిచి, రెండింటిని జంటగా కలిపి చేస్తారు. దానికి పక్క గోడలూ ఉండవు, చప్పుడు చేసే ఇంజనూ ఉండదు. ఇద్దరు కూర్చుంటే నీరు అరచేతి ఎత్తులోనే ఉంటుంది. “నడిమికి కూకో పాపా, అటూ ఇటూ ఒరగొద్దు” అని దోనె అతను తనను సర్ది, ఎదురుగా నన్ను సర్ది, గెడ వేశాడు. గుర్రపు డెక్క అనే నీటి కలుపు మొక్క ఒత్తుగా అల్లుకున్న చోట దోనె ఆగిపోతే గెడతో దాన్ని పక్కకు నెట్టి దారి చేసుకుంటూ, తామరల మధ్య నుంచి పోనిచ్చాడు. ఆకుల మీద నడిచే నీటికోళ్లు మేము దగ్గరకు వెళ్లేదాకా కదలలేదు. చలికాలం ఉదయాన్నే వెళితే పక్షులు బాగా కనిపిస్తాయి. ఎండ ఎక్కితే తెల్లబోయిన నీరు తప్ప ఏమీ ఉండదు.

మాకినా ఓడలో మా బరువును ఎవరూ పట్టించుకోలేదు, పట్టించుకోవలసిన అవసరమూ లేదు. జట్కాలోను, దోనెలోను అలా కుదరదు. మనం కదిలితే లాగే గుర్రానికి తెలుస్తుంది, గెడ వేసే చేతికి తెలుస్తుంది. మా అమ్మాయి ఆ గంటసేపు కదలకుండా కూర్చుని, దిగాక అతని అరచేతులు చూపించమని అడిగింది. గెడ రాసుకుని కాయలు కాచిన ఆ చేతులను చూసి కూడా తను దోనె ఎక్కినందుకు బాధపడలేదు. అతను కావాలనే ఈ పని చేస్తున్నాడు, గుర్రాన్ని ఎవరూ అడగలేదు అని నాకు కారులో వివరించింది. అతను మాత్రం ఎంతవరకు కావాలని చేస్తున్నాడో నేను చెప్పబోయి ఆగాను. పదేళ్ల పిల్లకు అది ఎంత చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో నాకు తేలలేదు.

నాలాగా పిల్లలను సెలవులకు ఊరికి తీసుకొచ్చే తల్లులకు నేను చెప్పదలచుకున్నది మొదట తేలికగానే కనిపించింది. అక్కడ చూపించిన దానికి జోడీగా ఇక్కడిది వెతికి చూపించకండి, దేన్ని దానిగానే చూడనివ్వండి అని రాయాలనుకున్నాను. రాస్తుంటే ఆ మాట మీద నాకే నమ్మకం చాలడం లేదు. మాకినాకు వెళ్లకపోయి ఉంటే గుర్రానికి సెలవు ఉండవచ్చునన్న ఊహే తనకు వచ్చేది కాదు. ఆ పోలికే తన చేత బీచ్‌లో ఆ మంచి ప్రశ్న అడిగించింది. పోలిక వద్దని చెప్పడానికి నేనెవరిని? మరోవైపు, పార్కు నిధులు, టికెట్టు ధరలు, పొలాలు ఉన్న చోట గుర్రానికి ఆరు నెలలు విశ్రాంతి ఇవ్వడం సాధ్యమైన పని. ఒక్క గుర్రం మీద ఇల్లంతా ఆధారపడిన మనిషిని అదే కొలతతో చూడడం న్యాయమా అన్నది నన్ను వదలడం లేదు. తన జాలి నిజమైనదే. అది ఆ మనిషి వరకు కూడా చేరాలంటే నేను ఏమి చేయాలో నాకు తెలియాలి.

ఆ రాత్రి భోజనాల దగ్గర తనే దాన్ని ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లింది. “తాతయ్యా, మాకినాలో చలికాలం గుర్రాలకు సెలవు. మరి బండి తోలేవాళ్లకు ఆ నెలల్లో జీతం వస్తుందా?” అని అడిగింది. అక్కడ వేసవి పనివారిలో ఎక్కువమంది ఆ కొద్ది నెలల కోసమే వస్తారని, హోటళ్లలో పనిచేయడానికి జమైకా నుంచి తాత్కాలిక వీసాల మీద వచ్చేవారు కూడా ఉన్నారని నేను చెప్పాను. మా హెచ్‌వన్ వీసా రోజులు గుర్తున్న మా నాన్నగారు, వాళ్లకు పిల్లలుంటే ఎవరి దగ్గర ఉంటారని అడిగారు. కొందరు అమ్మమ్మల దగ్గర, నాయనమ్మల దగ్గర ఉంటారన్నాను. మా అమ్మాయి పప్పన్నం కలపడం ఆపి, వచ్చే ఆగస్టులో బండి తోలే అమ్మాయిని, ఓడలో తాళ్లు విసిరే అతనిని, హోటలులో మాకు గది చూపించిన ఆవిడను కూడా అడుగుతానని చెప్పింది. అడగవలసిన ప్రశ్నలను తెలుగులో తాతయ్యకు చెబుతూ, ఇంగ్లీషులో తన నోటు పుస్తకంలో రాసుకుంది.