నాయన శతకం: ‘చిల్లర’ దగ్గర ఆగిన కందం

నాలుగో పాదం దొరికింది! నాయన పుస్తకంలో ‘చిల్లర’ అన్న ఒక్క మాట దగ్గర ఆగిపోయిన పద్యం ఇన్నాళ్ళకు కదిలింది. మూడో పాదం ఇంకా మొండికేస్తూనే ఉంది. అయినా ముందు ఈ సంతోషం రాసుకోవాలి.

కొత్తగా చదివేవాళ్ళకు రెండు ముక్కలు. నాయన ఆర్టీసీ కండక్టరు. మార్కాపురం నుంచి దోర్నాల మీదుగా శ్రీశైలం పోయే రూట్లో చాలాకాలం చేశాడు. బస్సులో చూసిన మనుషుల మీద 108 కందాలతో (కందం నాలుగు పాదాల పద్యం) ఒక శతకం రాయాలని ఆయన కోరిక. మకుటం, అంటే ప్రతి పద్యం చివర వచ్చే పిలుపు, ‘శ్రీగిరిమల్లా’. సగానికి పైగా పూర్తిచేశాడు, మిగిలినవి ముక్కలుగా ఉండగానే వెళ్ళిపోయాడు. ఆ ముక్కల్ని పూర్తి చేసి పుస్తకంగా తేవాలన్నదే నా ప్రయత్నం.

ఘాట్ రోడ్డు కోతుల పద్యం పూర్తయింది. డ్రైవరు మీద పద్యంలో యతి (పాదం మొదటి అక్షరంతో పొసిగే అక్షరం మధ్యలో నియమించిన చోట పడటం) కుదిరింది. ఇక అసలు సంగతి.

నాయన రాసిన సగం ఇది:

తెల్లని కోకను గట్టిన
తల్లికి నొక సీటు నిచ్చి తలవంచితినే

కింద మూడో పాదం ఖాళీ. నాలుగో పాదంలో మొదట ‘చిల్లర’, చివర ‘శ్రీగిరిమల్లా’. మధ్యలో చుక్కలు.

ఇబ్బంది అంతా మకుటంతోనే. కందంలో సగానికి, అంటే రెండు పాదాలకు, ఎనిమిది గణాలు: పై పాదంలో మూడు, కింది పాదంలో ఐదు. గణమంటే నాలుగు మాత్రల అక్షరాల గుంపు. లఘువు (పొట్టి అక్షరం) ఒక మాత్ర, గురువు (దీర్ఘం, సున్న ఉన్నది, ఒత్తున్న అక్షరానికి ముందుది లాంటివి) రెండు. వాటి వరసను బట్టే గణాల పేర్లు: రెండు గురువులైతే గగ, గురువు తర్వాత రెండు లఘువులైతే భ, రెండు లఘువుల మధ్య గురువైతే జ, రెండు లఘువుల తర్వాత గురువైతే స, నాలుగూ లఘువులైతే నల. సుమతి శతకంలో ‘సుమతీ’ ఒక్క స గణం. ఎనిమిదో గణంలో ఒదిగిపోతుంది, యతిస్థానం కవి చేతిలోనే ఉంటుంది. నాయన మకుటం రెండు గణాలు: శ్రీగిరి, మల్లా. యతి పడాల్సిన ఏడో గణం మొదట ‘శ్రీ’ కూర్చుంది. అంటే శతకం మొత్తంలో ప్రతి నాలుగో పాదమూ చి, చె, జి, సి, శి లాంటి అక్షరాలతోనో, ‘శ్రీ’లోని రేఫను (ర ధ్వనిని) పట్టుకుని రి, రె లతోనో మొదలుకావాలి. దానికి తోడు ప్రాస, అంటే నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకటే కావాలి. ఈ పద్యంలో ప్రాస ‘ల్ల’ కాబట్టి చిల్లర, చెల్లెలు, చెల్లని, జిల్లా, రెల్లు... నాకు తోచినవి ఇంతే. వీటిలో కండక్టరు నోట్లో రోజూ నలిగే మాట చిల్లర. నాయన ఊరికే పెట్టలేదు.

‘చిల్లర’ భ గణం, నాలుగు మాత్రలు. మకుటానికీ దానికీ మధ్య ఎనిమిది మాత్రల ఖాళీ. అందులో చివరి నాలుగు ఆరో గణం, అక్కడ జ గానీ నల గానీ తప్ప వేరే దిగదు. సరిగ్గా అక్కడే కూలబడుతూ వచ్చాను.

‘చిల్లర లెక్కలు నేర్చితి’ అంటే ఆరో గణం భ. ‘చిల్లర లెక్కే బతుకా’ అంటే స. ఎటు తిప్పినా క్రియ దగ్గర ఇరుక్కుంటున్నాను. నా అంచనా ఏమిటంటే మనకు చప్పున తోచే క్రియలు చాలావరకు గురువుతో మొదలవుతాయి: ఇచ్చితి, వచ్చితి, నేర్చితి. అన్నీ భ గణాలే. ఆరో గణంలోకి లఘువుతో అడుగుపెట్టాలంటే క్రియను ఐదో గణంలోనే మొదలుపెట్టి, తోకను ఆరులోకి లాగాలి.

అలా లాగితే ‘చిల్లర మరచితిని నేడు’ వచ్చింది. మరచితి నల, నినేడు జ. గణం, యతి, ప్రాస అన్నీ సరి. పద్యాల ఛందస్సు సరిచూసే ‘ఛందం’ సాఫ్ట్‌వేర్‌లో వేసి చూసి, ఎగిరి గంతేసి, అమ్మకు ఫోన్ చేసి వినిపించాను.

“మీ నాయన చిల్లర మర్చిపోవడమేందిరా? టికెట్ వెనకాల రాసిచ్చేవాడు గదా” అంది.

నిజమే. డిపోలో లెక్క తక్కువైతే జేబులోంచి కట్టే మనిషి పైసా మరచిపోతాడా? బస్సు కిక్కిరిసి ఉన్నప్పుడు టికెట్ వెనక రావాల్సింది రాసి, గీత గీసి, ‘దిగేటప్పుడు తీసుకో’ అనేవాడు. ‘ఛందం’ మంచి సాఫ్ట్‌వేరే, తప్పక వాడండి. కానీ గణం, యతి, ప్రాస చూడటం వరకే దాని పని, ఈ మాట అమ్మే చెప్పాలి.

ఫోన్ పెట్టేసి గళ్ళ పుస్తకం తీశాను. లఘువుకు ఒక గడి, గురువుకు రెండు, అర పద్యానికి 32 గడులు. సెల్‌లో రాయడం కంటే నాకు ఇదే నయం, ఎక్కడ మిగిలిందో కంటికి కనబడుతుంది. పెన్సిల్ మాత్రం అప్సరే, ముదురుగా పడుతుంది. అమ్మ అన్న మాటనే గడుల్లో పెట్టాను:

చిల్లర రాసిచ్చినాను శ్రీగిరిమల్లా

రాసిచ్ గగ, చ్చినాను జ. అచ్చంగా సరిపోయింది! ‘ను’ తర్వాత ‘శ్రీ’ ఉందని టెన్షన్ పడక్కర్లేదు, వేరే పదం కాబట్టి లఘువే. ‘వ్రాసిచ్చినాను’ అనమని పండితులు అనొచ్చు. నేను మార్చను.

ఇప్పుడు మూడో పాదం. ‘యల్లరి చేయక దిగుమని’ అని రాస్తే గణాలు దిగాయి, తాళం కూడా బాగుంది. కానీ లేచి సీటిచ్చి తలవంచినవాడు ఆ తల్లినే కసురుతాడా? కొట్టేశాను. ‘యుల్లము పొంగగ వెనుకనె’ అన్నది ఇంకోటి. ‘వెనుకనె’ అంటే టికెట్ వెనకనే అని నా భావం, అది నాకు నచ్చింది. ‘ఉల్లము’ దగ్గరే మనసు ఒప్పుకోవడం లేదు. నాయన క్రియలు పాత పద్ధతిలో వాడతాడు గానీ, నామవాచకాలు మాత్రం బస్సులో వినబడేవే: కోక, సీటు, మూట, బెల్లు. పుస్తకమంతా వెతికినా హృదయం, ఉల్లం లాంటివి కనిపించలేదు. అందుకే దీన్ని పెన్సిల్‌తోనే ఉంచాను. పల్లె, ముల్లె, గుల్ల, నల్ల... ఈసారి అమ్మ దగ్గర కూర్చుని ఈ మాటలు ఒక్కొక్కటే అనిపిస్తాను. ‘ముల్లె’ మీద నాకు ఆశ ఉంది, అలాంటి ముసలమ్మ చంకలో ముల్లె లేకుండా బస్సెక్కదు.

ఈ తంటాలో ‘చెల్లని నోటైన నేమి శ్రీగిరిమల్లా’ అని ఒక పాదం అడక్కుండానే వచ్చింది. చిరిగిన నోటు మీద నాయన రెండు మాటలు రాసిపెట్టుకున్న పేజీ ఒకటి ఉంది, దానికి దాచాను.

పూర్తయినవన్నీ యూనికోడ్‌లో ఎక్కిస్తున్నాను, మండలి ఫాంట్‌లో. ఒత్తులు విడివిడిగా కనబడతాయి. అక్షరం పెద్దదిగా పెట్టించాలి, ముందుగా చదివేది నాయనతో పనిచేసి రిటైరైనవాళ్ళే. నేను పూరించిన పాదాలను వేరే రకం అక్షరాల్లో వేయాలా, కలిపేయాలా అన్నది ఇంకా తేలలేదు. నాకైతే వేరుగా వేయాలనే ఉంది. తర్వాతి పద్యం జీతం రోజు మీద. ‘జీ’ యతికి సరిపోతుంది, ప్రాస ‘త’. మొదటి పాదం నాయనదే ఉంది, మిగతా మూడూ నేను రాయాలి.