కోతుల కోసం కత్రానీ కొండకి

ఈజిప్టులోని ఫయ్యూం వెళ్లేవాళ్లంతా తిమింగలాల లోయ చూసి వచ్చేస్తారు. మొదటి రోజు నేనూ అక్కడికే వెళ్లాను. వాదీ అల్ హితాన్ అంటే ఆ లోయే. అక్కడ కాలిబాట ఉంది, మ్యూజియం ఉంది, రాయిగా మారిన తిమింగలాల ఎముకలు ఉన్నచోటే చూడొచ్చు. బాగుంది. కానీ నేను ఈజిప్టు వచ్చింది కోతుల కోసం, కోట్ల ఏళ్ల కిందటి కోతుల ఎముకలు దొరికిన చోటు కోసం.

కారూన్ సరస్సుకి ఉత్తరాన ఉన్న జెబెల్ కత్రానీకి తీసుకెళ్లమంటే డ్రైవరు, "అక్కడ ఏముందని?" అని రెండుసార్లు అడిగాడు. బయల్దేరిన కాసేపటికే గాలి లేచింది. కళ్లద్దాల వెనక ఇసుక, పళ్ల మధ్య ఇసుక. నీళ్లు తాగినా గొంతులో గరగర. తలకి చుట్టుకున్న గుడ్డ రెండుసార్లు ఊడిపోయింది. చిరాకుతో మాట్లాడటమే మానేశాను.

కొండ దగ్గర జీపు దిగాను. పైన లావా గడ్డకట్టిన నల్లటి బసాల్టు రాయి, దాని కింద రంగురంగుల మట్టి పొరలు. కనుచూపు మేరలో ఒక్క చెట్టు లేదు. కానీ కాళ్ల దగ్గర మాత్రం రాయిగా మారిన మానులు పడి ఉన్నాయి. బెరడు గీతలు కూడా తెలుస్తున్నాయి. సుమారు 3 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ నదులు పారేవి, అడవి ఉండేది. ఆ కొమ్మల మీద తిరిగిన పాతకాలపు కోతే ఈజిప్టోపితికస్. 1966లో శిలాజ శాస్త్రజ్ఞుడు ఎల్విన్ సైమన్స్ బృందానికి దాని పుర్రె దొరికింది ఇక్కడే.

జీపు చాటున కూర్చుని నాలుకతో నా పళ్లు లెక్కపెట్టుకున్నాను. ఒక్కో వైపు కోరపన్ను వెనక రెండు అగ్రచర్వణకాలు, అంటే చిన్న నమిలే పళ్లు, వాటి వెనక మూడు పెద్ద దవడ పళ్లు. ఈజిప్టోపితికస్‌కీ అంతే, మొత్తం 32. కంటిగుంత వెనక ఎముక గోడ కూడా మనకున్నట్టే మూసుకుని ఉంటుంది. మెదడు మాత్రం చాలా చిన్నది. మనం మెదడు గురించే గొప్పగా చెప్పుకుంటాం గానీ, ముందు కుదిరినవి కళ్లూ పళ్లూ. ఆసియా, ఆఫ్రికా కోతుల దారి, చింపాంజీలతో కలిసిన మన దారి ఇంకా విడిపోని కాలం అది. టాంజానియాలోని రుక్వా లోయలో 2.5 కోట్ల ఏళ్ల నాటి పొరలకి వచ్చేసరికి ఆ రెండు వైపుల దవడ ముక్కలూ దొరికాయి.

ఇవే కొండల్లో దొరికిన ఇంకో పాతకాలపు కోతి అపిడియంకి అగ్రచర్వణకాలు మూడేసి, మొత్తం పళ్లు 36. దక్షిణ అమెరికా కోతులకీ అవి మూడేసే. అపిడియం బంధువు ఒకటి సముద్రం కూడా దాటింది. పెరూలో దొరికిన నాలుగు చిన్న పళ్లని బట్టి 2020లో దానికి ఉకయాలిపితికస్ అని పేరు పెట్టారు. వరదకి కొట్టుకుపోయిన చెట్ల గుంపు మీద అట్లాంటిక్ దాటి ఉంటాయని శాస్త్రజ్ఞుల అంచనా. ఆ రాతి మాను మీద చెయ్యి వేసి ఉన్నాను కాబట్టో ఏమో, ఆ మాట నాకు అసాధ్యంగా అనిపించలేదు.

అప్పుడు డ్రైవరు వచ్చి పక్కన నిలబడ్డాడు. ఎముకల కోసమే వచ్చానని తెలిశాక ఆయన మాట మెత్తబడింది. వాళ్ల పెద్దాయన తవ్వకాల్లో కూలికి వచ్చేవాడట. బూటు చివరతో నేల చూపించి, "ఈ గులకరాళ్ల పొర ఊడ్చేసి వెళ్లిపోయేవాళ్లు. ఏడాదికి మళ్లీ వచ్చేసరికి ఇసుకంతా గాలి పట్టుకుపోయి ఎముకలు బయటపడేవి," అన్నాడు. పార తగిలితే వేలెడంత దవడ పొడి అయిపోతుంది. గాలికి ఆ తొందర లేదు.

పొద్దుటి నుంచి నేను విసుక్కున్న గాలి అదే. గుడ్డ విప్పి జేబులో పెట్టుకున్నాను. అక్కడ గులకరాయి కూడా తీయకూడదు, తీయలేదు. చీకటి పడితే దారి దొరకదని ఆయన జీపు స్టార్ట్ చేశాడు. ఇంకో పది నిమిషాలు ఆగమని బతిమాలి, ఆ మాను పక్కన మోకాళ్ల మీద కూర్చుని నేల వెతుకుతూ ఉండిపోయాను.