ఇంకా ఉడకని తెల్లసొన

రాత్రి పదకొండున్నర. ఈజిల్ మీద ఆ రెండు గుడ్లూ సున్నపు ముద్దల్లానే ఉన్నాయి. ఇది రాసి పడేస్తే గానీ నిద్ర పట్టేలా లేదు.

అదే, స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ వేసిన గుడ్లు వేయించే ముసలావిడ బొమ్మ, దానికి నకలు వేస్తున్నాను. ఎడింబరోలో ఉన్న అసలు బొమ్మ 100.5 × 119.5 సెంటీమీటర్లు కాబట్టి 50 × 60 కాన్వాస్ మీద గడులు గీస్తే దాదాపు సరిగ్గా సగానికి దిగుతుంది. ఇత్తడి కల్వం, గిన్నె మీద కత్తి నీడ, పిల్లాడి చేతిలో కర్బూజా ఓ మోస్తరుగా కుదిరాయి. మట్టి మూకుడు దగ్గరే నెల పోయింది. 1618లో, ఇరవై ఏళ్లు కూడా నిండని కుర్రాడు వేశాడంటే ఒళ్లు మండుతుంది.

చేసిన తప్పు చెప్తాను. తెల్లసొన పల్చగా కనబడాలని తెలుపులో ఐవరీ బ్లాక్ కలిపాను. వచ్చింది బూడిద రంగు. కలపాల్సింది నలుపు కాదు. ముందు మూకుడు అడుగు మొత్తం బర్న్‌ట్ సియెన్నా, రా అంబర్ అనే మట్టి గోధుమ రంగులతో వేసి ఆరనివ్వాలి. తర్వాత తెలుపులో చిటికెడు ఎల్లో ఓకర్ కలిపి, బ్రష్‌ని గుడ్డకి బాగా తుడిచి, దాదాపు పొడిగా రుద్దాలి. ముదురు రంగు మీద పల్చటి తెలుపు దానంతటదే నీలిగా కనబడుతుంది, నీలం ట్యూబ్ ముట్టుకోనక్కర్లేదు. ఆయన వాడిన సీసం తెలుపు కాస్త వెలుతురు పోనిస్తుంది. మన టైటానియం వైట్ అన్నింటినీ కప్పేస్తుంది, అందుకే సగంలో సగం చాలు.

ఎక్కడ గట్టిపడాలో మాత్రం పుస్తకాల్లో దొరకలేదు. అమ్మమ్మ కుంపటి దగ్గర దొరికింది. మూకుడులో గుడ్డు కొట్టి పోస్తే అంచు ముందు తెల్లబడేది. పచ్చసొన చుట్టూ ఉన్నది మాత్రం చివరిదాకా అద్దంలా జారుతూ ఉండేది. నేను గరిటె పెట్టబోతే "కదపకే, చితికిపోద్ది" అని చేతి మీద ఒక్కటిచ్చేది. పొగకి కళ్లు చికిలించి, ఆ అంచు లోపలికి పాకడం చూస్తూ కూర్చునేది. బొమ్మలో ముసలావిడ మాత్రం గుడ్ల వైపు చూడనే చూడదు!

సరే, అంచు దగ్గర మందంగా, మధ్యలో పల్చగా వేశాను. అయినా ప్రాణం లేదు. నెలంతా తెలుపునే తిట్టుకున్నాను. ఇందాక టార్చ్ పక్క నుంచి వేసి చూస్తే అసలు దొంగ తెలుపు కాదు, చుట్టూ ఉన్న నలుపు. మొదటి పూతల్లో టర్పెంటైన్ ఎక్కువ పోశాను, ఉన్న కాస్త నూనెనీ కింద కాన్వాస్‌కి ముందుగా పూసే తెల్ల పూత, జెస్సో, పీల్చేసింది. మెరుపు పోయిన ముదురు రంగు బూడిదగా కనబడుతుంది, ఇక దాని పక్కన ఏ తెలుపు వెలుగుతుంది?

పూత పూర్తిగా ఆరింది కాబట్టి, టర్పెంటైన్‌తో పల్చన చేసిన అవిసె నూనె గుడ్డతో రుద్ది, ఐదు నిమిషాలాగి తుడిచేశాను. నూనె మిగిలితే పసుపుపచ్చగా మారుతుంది. నీళ్లు చల్లిన నాపరాయిలా నలుపు లేచింది. బాగుంది.

బాగుందంటే, ఇప్పుడు గుడ్లు మరీ అరుస్తున్నాయి. నెల రోజులుగా పోసిన తెలుపులో సగం రేపు నైఫ్‌తో గీకాలి.

నూనె గుడ్డలు బాల్కనీ తీగ మీద విప్పి ఆరేశాను. ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. పొద్దున్నే ఎవరూ తీసి బకెట్‌లో కుక్కకండి.