కర్నూలు పాతబస్తీలో 41వ నంబరు క్యాసెట్

12,000 రూపాయలకు ఒక్క పైసా తగ్గనన్నాడు అమ్మే అతను. 1983 నాటి అసలైన జపాన్ నింటెండో వీడియో గేమ్ సెట్టు అట. పొద్దున్నే హైదరాబాద్‌లో బస్సెక్కి, జడ్చర్ల దాటాక ఆపిన హోటల్లో గోరువెచ్చని టీకి 30 రూపాయలు పోసి, పుల్లూరు టోల్‌గేటు దగ్గర ఎండలో పడిగాపులు పడి కర్నూలు చేరింది దీనికోసమా అనిపించింది. ఫోనులో అతను పంపిన ఫొటోలన్నీ పైనుంచి తీసినవే. ఇంకో వైపునుంచి తీసి పంపమంటే రేపు, ఎల్లుండి అంటూ వచ్చాడు. తీరా చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పితే పసుపుపచ్చ, ఎరుపు రంగుల AV రంధ్రాలు, అంటే బొమ్మనూ శబ్దాన్నీ టీవీకి పంపే వైర్ల రంధ్రాలు, కనిపించాయి.

ఈ సరుకు సేకరించేవాళ్లకు ఆ గుర్తు చాలు. 1983 జులై 15న జపాన్‌లో 14,800 యెన్ల ధరకు వచ్చిన అసలు నింటెండో సెట్టు ఫ్యామికామ్‌కు AV రంధ్రాలు లేవు. టీవీ యాంటెన్నా దారిలోనే బొమ్మ వెళ్లేది. రిమోట్లు రెండూ సెట్టుకే అతికి ఉంటాయి, ఊడిరావు. రెండో రిమోట్‌కు స్టార్ట్, సెలెక్ట్ మీటలు ఉండవు, చిన్న మైకు ఉంటుంది. ఇతని సెట్టుకు రిమోట్లు తొమ్మిది పిన్నుల ప్లగ్గులతో ఊడి వస్తున్నాయి. పైగా రెండింటికీ, నొక్కి పట్టుకుంటే గబగబా పనిచేసే టర్బో మీటలు. ఒక్కొక్కటే చూపించాను. "నెట్‌లో చూడండి మేడమ్, ఇంకా ఎక్కువే పలుకుతోంది" అన్నాడు. నెట్‌లో ఆ ధర పలుకుతున్న వస్తువు వేరు, ఇది వేరు అని చెప్పినా వినలేదు.

నకలు సెట్టంటే నాకు చిన్నచూపు లేదు. నేను సేకరించేవే అవి. నకలును నకలుగా 2,000కు ఇస్తానంటే మారుమాట లేకుండా తెచ్చుకునేదాన్ని. అది నకలని ఒప్పుకుంటే పరువు పోతుందన్నట్టు అతను మాట్లాడటమే కష్టమనిపించింది. మన ఊళ్లలో పిల్లలు ఆడింది ఏమిటి మరి? 1995లో షా వాలెస్ కంపెనీ సెగా మెగా డ్రైవ్‌ను మన దేశంలో అమ్మినప్పుడు సెట్టు ధర 18,000 రూపాయలు. దిగుమతి సుంకమే 80 శాతం ఉన్న రోజులవి. జీతం మీద బతికే ఇంట్లో పిల్లల ఆటకు అంత డబ్బు ఎవరు పెడతారు? అందుకే సామురాయ్, మీడియా, లిటిల్ మాస్టర్ లాంటి పేర్ల సెట్లు మన ఇళ్లకు వచ్చాయి. మేరియో, కాంట్రా, ట్యాంకుల ఆట, బాతుల ఆట, అన్నీ వాటిలోనే చూశాం. సీలు విప్పని జపాన్ డబ్బాలను అద్దాల బీరువాలో పెట్టుకునేవాళ్లు హైదరాబాద్‌లో నాకు తెలుసు. వాళ్ల శ్రద్ధకు నమస్కారం. కానీ మన బాల్యం ఆ డబ్బాల్లో లేదు. అది పాత సామాన్లవాళ్ల బస్తాల్లో కిలోల లెక్కన కరిగిపోతోంది.

మా మిర్యాలగూడలో వీడియో గేమ్ కొట్టు ఉండేది. ఆడపిల్లలం లోపలికి వెళ్లేవాళ్లం కాదు. వెళ్లకూడదని ఎవరూ చెప్పలేదు, అయినా వెళ్లలేదు. వేసవి సెలవుల్లో నాన్న మాత్రం ఆ కొట్టునుంచే రోజుకు 50 రూపాయల అద్దెకు సెట్టు, దాంతో రెండు క్యాసెట్లు తెచ్చేవాడు. మర్నాడు అదే వేళకు తిరిగి ఇచ్చేయాలి కనుక రాత్రి నిద్ర ఉండేది కాదు. అప్పుడు ఆడిన కాంట్రాలో మొదటి దశలో, అడవిలో, చెట్ల ఆకులు గాలికి ఊగేవి. ఇది నాకు బాగా గుర్తు. తర్వాత నాకు దొరికిన నకలు క్యాసెట్లన్నిట్లోనూ ఆ ఆకులు కదలకుండా నిలబడి ఉన్నాయి. చిన్నప్పటి ఊహ అని మా తమ్ముడు ఇప్పటికీ వాదిస్తాడు. ఊహ కాదు. 1988లో జపాన్ ఫ్యామికామ్‌కు వచ్చిన కాంట్రాలో ఆ ఆట తయారుచేసిన కొనామీ కంపెనీ తన సొంత చిప్పు ఒకటి వాడింది. దాని బలంతో ఆకులు ఊగుతాయి, మంచు దశలో మంచు కురుస్తుంది, ప్రతి దశకూ ముందు మ్యాపు కనిపిస్తుంది. అమెరికా కూర్పులో ఇవేవీ లేవు. మిర్యాలగూడకు వచ్చిన ఆ క్యాసెట్ జపాన్ కూర్పుకు నకలు అయి ఉండాలి. అలాంటిది ఒకటి సంపాదించాలని చాలాకాలంగా తిరుగుతున్నాను.

అతని ఇంటినుంచి బయటపడేసరికి ఆకలి, కోపం రెండూ ఉన్నాయి. రోడ్డు పక్క బండి దగ్గర ఉగ్గాని తిన్నాను. నానిన బొరుగుల్లో పుట్నాల పొడి చేతికి తగిలేంత వేశారు, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు, అంతా 40 రూపాయలు. హైదరాబాద్‌లో ఉగ్గాని పేరుతో పెట్టేది తింటే ఏడుపొస్తుంది. ఇక్కడ ఆ ప్లేటు ముందు కోపం సగం దిగిపోయింది. ఎదురుగా ఎలక్ట్రానిక్ విడిభాగాల కొట్టు కనిపిస్తే, వచ్చినదాన్ని వచ్చాను కదా అని అడిగాను. కొట్టతను కాసేపు ఆలోచించి, పాతబస్తీలో టీవీలు బాగుచేసే ఒక పెద్దాయన ఒకప్పుడు గేములు అద్దెకిచ్చేవాడని చెప్పాడు. దారి కాగితం మీద గీసి ఇచ్చాడు. ఆటో అతను కొండారెడ్డి బురుజు దాకా 80 అడిగి 80 తీసుకున్నాడు. నడిచి వెళ్లగలిగే దూరమని దిగాక తెలిసింది.

బురుజు దగ్గరనుంచి సందుల్లోకి నడిచి, కాగితం మీది గీత ఎక్కడ మలుపు తిరిగితే అక్కడ తిరిగి, బోర్డు లేని ఒక కొట్టు ముందు ఆగాను. లోపల పాత టీవీల గుల్లలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. అరవై దాటిన మనిషి మిక్సీ మోటారు విప్పుకుంటూ కూర్చున్నారు.

"గేము క్యాసెట్లు ఏమైనా ఉన్నాయా అన్నా?"

"పిల్లలకా అమ్మా?" తలెత్తలేదు.

"నాకే."

అప్పుడు తలెత్తారు. కళ్లజోడు సర్దుకుని, స్టూలు నావైపు జరిపారు.

ఆ తర్వాత సాయంత్రం దాకా అక్కడే ఉన్నాను. తొంభైల్లో ఈ కొట్టులో నాలుగు టీవీలు, నాలుగు సెట్లు ఉండేవట. గంటకు 10 రూపాయలు. క్యాసెట్ ఇంటికి తీసుకెళ్తే రోజుకు 5. రిపేర్లలో ముప్పావు వంతు ఒకే జబ్బు అన్నారు. సెట్టు బోర్డు మీద 7805 అనే మూడుకాళ్ల ముక్క ఉంటుంది. ఎలిమినేటర్ (కరెంటు అడాప్టర్) ఇచ్చే 9 వోల్టులను 5కు దించడం దాని పని. మిగిలిందంతా వేడిగా పోతుంది. పిల్లలు 9 బదులు ఇంట్లో ఉన్న 12 వోల్టుల ఎలిమినేటర్ గుచ్చేవాళ్లు. అసలే కర్నూలు మే నెల. ఆ ముక్క కాలిపోయేది. పక్కన అల్యూమినియం రేకు పెద్దది బిగించి ఇస్తే మళ్లీ వచ్చేవి కాదట. నా దగ్గరున్న ఒక సెట్టులో కంపెనీ పెట్టినదానికంటే వెడల్పైన రేకు ఉంది. ఏ ఊళ్లో ఏ మెకానిక్కు దాన్ని కోసి బిగించాడోనని ఎన్నోసార్లు అనుకున్నాను. అది చెబితే ఆయన ముఖం వెలిగిపోయింది.

క్యాసెట్ల మాట అడిగితే అటక మీదనుంచి బస్తా దించారు. ముడి విప్పగానే మట్టి వాసన. 2009 అక్టోబరులో హంద్రీ, తుంగభద్ర కలిసి ఊరిమీద పడ్డప్పుడు ఈ సందులో మనుషులు మేడలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. కొట్టు మొత్తం నీళ్లలో మునిగింది. టీవీలు, సెట్లు, అద్దె పుస్తకాలు అన్నీ పోయాయి. నీళ్లు తీశాక మోకాలి లోతు బురదలో చేతికి తగిలిన క్యాసెట్లను ఏరి, బోరు నీళ్లతో కడిగి, మేడమీద ఎండబెట్టారట. అవి పనిచేస్తాయో లేదో చూసే తీరిక అప్పుడు లేదు. తర్వాత అడిగేవాళ్లూ లేరు.

పనిచేస్తాయని నాకు నమ్మకం ఉంది. ఎందుకంటే ఈ క్యాసెట్లలో ఆట ఉండేది మాస్క్ ROM అనే చిప్పులో. చిప్పు తయారుచేసేటప్పుడే ఆట మొత్తం దాని నిర్మాణంలో అచ్చుపడిపోతుంది. కరెంటు లేకపోయినా, ఏళ్లు గడిచినా చెరిగిపోదు. నకలు క్యాసెట్లలో ఆ చిప్పును నేరుగా బోర్డుకు అంటించి పైన నల్లటి జిగురు గడ్డ పోస్తారు. చవక కోసం చేసిన పని అది, కానీ వరదనీరు లోపలికి వెళ్లకుండా కాపాడింది కూడా ఆ గడ్డే. చెడిపోయేది అంచున ఉండే అరవై పిన్నులు. రాగి పచ్చగా చిలుము పడుతుంది. నేను సంచిలో ఎప్పుడూ పెట్టుకునే పెన్సిల్ రబ్బరు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సీసా, దూది పుల్లలు తీశాను. ఆయన స్క్రూడ్రైవరు తీశారు. ఒక్కొక్క క్యాసెట్ విప్పి, పిన్నులను రబ్బరుతో రుద్ది, ఆల్కహాల్‌తో తుడిచి పక్కన పెడుతూ పోయాం. "ఊదితే పని చేస్తుందని పిల్లలందరూ ఊదేవాళ్లమ్మా. ఉమ్మి తడికే సగం పాడయ్యేవి. ఊదరాదని గోడమీద పెద్దక్షరాలతో రాయించాను" అన్నారు. ఊదడం గురించి నేను చెప్పీ చెప్పీ అలసిపోయిన మాట, ఇంకొకరి నోట వినడం ఎంత బాగుందో!

పరీక్షించడానికి ఒక సెట్టు ఉంది, వరద తర్వాత ఎవరో బాగుచేయమని ఇచ్చి మళ్లీ రానిది. దానికి పాత గాజు గొట్టం టీవీ కలిపి ఉంది. అంత చోటు తినే టీవీని ఇంకా ఎందుకు ఉంచారని అడగలేదు, బాతుల ఆట గన్ను చూడగానే తెలిసిపోయింది. బాతుల ఆటలో ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి చదరం వెలుగుతుంది. గన్ను మూతిలోని సెన్సారు ఆ వెలుగును చూస్తే దెబ్బ తగిలినట్టు. ఆ వెలుగు సరిగ్గా ఆ క్షణానికే రావాలి. ఇప్పటి పలక టీవీలు బొమ్మను లోపల సర్దుకుని ఆలస్యంగా చూపిస్తాయి కనుక తెరకు ఆనించి కాల్చినా బాతు పడదు. ఈ గాజు టీవీలో ఆయన కాల్చిన మొదటి బాతే పడింది. రెండోదానికి ట్రిగ్గర్ ఇరుక్కుంది. లోపల స్ప్రింగు అలిసిపోయింది.

మేరియో వచ్చింది. 40 కిలోబైట్ల ఆట, తుంగభద్ర తనమీదుగా పోయినా ఒక్క ఇటుక చెక్కు చెదరలేదు. ట్యాంకుల ఆట వచ్చింది. "99,99,999 ఆటలు" అని రాసి ఉన్నదాంట్లో అవే ఆరు ఆటలు పేర్లు మార్చుకుని వచ్చాయి. కొన్ని బూడిదరంగు తెర చూపి ఆగిపోయాయి.

తెల్ల పెయింటుతో 41 అని రాసి ఉన్న క్యాసెట్‌కు లేబుల్ లేదు, నీళ్లకు ఊడిపోయింది. పెట్టి స్విచ్ వేశాం. ముందు మ్యాపు కనిపించింది. నా గుండె దడదడలాడింది. తర్వాత అడవి. ఆకులు ఊగుతున్నాయి. ఆడటం మానేసి చూస్తూ ఉంటే మనిషి చచ్చిపోయాడు. రెండో రిమోట్ అందుకుని, "నువ్వు పైనుంచి రా అమ్మా, నేను కిందనుంచి వస్తాను" అన్నారు ఆయన. మీటలను ఒక వరుసలో నొక్కితే 30 ప్రాణాలు వచ్చే మంత్రం మా ఇద్దరికీ వేళ్లకే వచ్చు. అయినా ఇద్దరం వాడలేదు. జలపాతం దశ దాకా వెళ్లాం. అక్కడ నేను పైకి ఎగబాకినప్పుడల్లా తెర జరిగి ఆయన కిందపడి చచ్చిపోతుంటే, ఆగు ఆగు అని కేకలు వేశారు. సందులో పోయే ఇద్దరు కుర్రాళ్లు ఆగి చూశారు.

పనిచేసే క్యాసెట్లకు ఒక్కోదానికి 150 చెప్పారు. బేరం ఆడలేదు. పనిచేయనివి ఊరికే ఇచ్చేశారు, వాటి బోర్డులు నాకు పనికొస్తాయి. 41వ నంబరు మాత్రం అమ్మనన్నారు. 3,000 ఇస్తానన్నాను. "డబ్బు మాట కాదమ్మా. వరదకు ముందు ఈ కొట్టులో ఉన్నదాంట్లో నేను ఆడే ఆట ఇదొక్కటే. ఇది మిగిలిందని ఇప్పుడే కదా తెలిసింది" అన్నారు. దానికి జవాబు లేదు. ఈ కూర్పు లోపలి డేటాను చిప్ రీడర్‌తో చదివి భద్రపరచాలని, లేకపోతే ఇది కూడా ఎప్పుడో ఒకప్పుడు పోతుందని చెప్పాను. ఆ యంత్రం మా ఇంట్లో ఉంది, వెంట తేలేదు.

కాసేపు ఆలోచించి, బల్ల సొరుగులోంచి కొత్త నోటుపుస్తకం తీశారు. మొదటి పేజీలో గీతలు గీసి నా పేరు, ఫోను నంబరు, క్యాసెట్ నంబరు రాసుకున్నారు. అడ్వాన్సు 500, అద్దె రోజుకు 5. రెట్టింపు ఇస్తానంటే పాత రేటే అన్నారు. వచ్చే నెల రెండో శనివారంలోగా తిరిగి ఇవ్వాలి, దాటితే రోజుకు 10. వచ్చేటప్పుడు తొమ్మిది పిన్నుల గన్ను దొరికితే తెమ్మన్నారు, లేకపోతే ఆ ట్రిగ్గర్ స్ప్రింగు అయినా పరవాలేదట. కోఠీలో వెతుకుతున్నాను. ఈ ఆదివారం ఎర్రగడ్డ సంతకు కూడా వెళ్లాలి.